క్రూజ్‌కి చెప్పులు సర్దేముందు చూడాల్సింది బీరువాలో డ్రెస్సులు కాదు, దిగబోయే ఊళ్ళు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళే ట్రిప్పుల్లో నయాగరా, న్యూయార్క్, లాస్ వేగాస్ తర్వాత ఇప్పుడు క్రూజ్, అంటే ఓడ మీద విహారయాత్ర కూడా చేరిపోయింది. డాలస్, హ్యూస్టన్ వైపు వాళ్ళు కారేసుకుని గాల్వెస్టన్ రేవుకి వెళ్ళి ఎక్కుతారు, మిగతావాళ్ళు ఎక్కువగా ఫ్లోరిడాకి ఫ్లైట్‌లో వెళ్ళి మయామిలోనో ఫోర్ట్ లాడర్‌డేల్‌లోనో ఎక్కుతారు. ఏడు రాత్రులు, మధ్యలో కరీబియన్ వైపు మూడు నాలుగు ఊళ్ళు. ఏ గది తీసుకోవాలి, వెజ్ భోజనం దొరుకుతుందా, వైఫై కొనాలా వద్దా అని నెల రోజుల ముందునుంచీ ఫోన్లు నడుస్తాయి. కాళ్ళకి ఏం వేసుకోవాలన్న మాట మాత్రం చివరి రాత్రి సూట్‌కేసు జిప్ పడనప్పుడు వస్తుంది. ట్రిప్పులో మనిషిని నిజంగా ఇబ్బంది పెట్టేవి చాలావరకు కాళ్ళ దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఈ మాట ముందే మాట్లాడుకుందాం.

మనవాళ్ళు చెప్పులు సర్దే పద్ధతి ఒకటుంది. పరుపు మీద డ్రెస్సులన్నీ పరిచి, దీనికి ఇవి, దానికి అవి అని ఒక్కో డ్రెస్సుకీ ఒక్కో జత పక్కన పెడతారు. అలా లెక్కేస్తే మనిషికి ఐదారు జతలు తేలుతాయి, అందులో తడి రాయి మీద నిలబడగలిగేది ఒక్కటీ ఉండదు. కారులో వెళ్ళేవాళ్ళకి బరువు సమస్య కాదు కానీ గది సమస్య. కిటికీ లేని లోపలి గదులు సాధారణంగా 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటాయి. అందులో మంచం, సోఫా, బాత్రూమ్ అన్నీ కలిపే. నలుగురు ఉన్న గదిలో తలా ఐదు జతలంటే ఇరవై జతలు, రాత్రి బాత్రూమ్‌కి లేచిన పెద్దాయన చీకట్లో ముందు తొక్కేది వాటినే.

నేను చెప్పేది ఒకటే. డ్రెస్సు పక్కన పెట్టి, ఆ వారం రోజులూ కాలు ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. కాలు పడే చోట్లు నిజానికి నాలుగే రకాలు: నీళ్ళు నిలిచిన నునుపైన నేల, నీళ్ళలోని రాళ్ళు ఇసుక, గంటల తరబడి ఎండలో నడిచే దారి, సాయంత్రం డైనింగ్ హాల్ కార్పెట్. గదిలో వేసుకునేవి కాక, ఈ నాలుగింటికీ మూడు జతలు సరిపోతాయి, కొందరికి నాలుగు. ఏ మూడు అన్నది మీరు బుక్ చేసుకున్న షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే ఊళ్ళో దిగాక వెళ్ళే టూర్లు చూస్తే తప్ప తేలదు. అందుకే సర్దడం కన్నా ముందు ఆ లిస్టు తెరవాలి. ప్రతి టూర్ కిందా ఏం వేసుకుని రావాలో ఒక లైను రాసి ఉంటుంది. ఎవరూ చదవని ఆ లైనే ఇక్కడ అన్నిటికన్నా పనికొచ్చేది.

ముందు ఓడ సంగతి చూద్దాం. సముద్రం మీద ఉన్నప్పుడు నడకేముంటుంది, పడుకోవడమే కదా అనుకుంటారు చాలామంది. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ఒయాసిస్ రకం ఓడలు సుమారు 360 మీటర్ల పొడవుంటాయి. గది ఒక చివర, బఫే ఇంకో చివర పడిందంటే టిఫిన్‌కి వెళ్ళి రావడమే ముప్పావు కిలోమీటరు దగ్గరికి వస్తుంది, మధ్యలో మర్చిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వెళ్తే మళ్ళీ అంత. అందరూ ఒకేసారి కదిలే వేళల్లో లిఫ్టులు దొరకవు, మెట్లెక్కాల్సి వస్తుంది. పైన పూల్ డెక్ అయితే ఎప్పుడూ తడే. పూల్‌లోంచి లేచి వచ్చిన పిల్లలు నీళ్ళు కారుస్తూ ఐస్‌క్రీమ్ మెషీన్ దాకా వెళ్తారు, సన్‌స్క్రీన్ నూనె ఆ నీళ్ళలో కలుస్తుంది. ఓడ దిగే వంతెన, అంటే గ్యాంగ్‌వే, ఏటవాలుగా ఉంటుంది. ఆటుపోట్లని బట్టి ఆ వాలు మారుతుంటుంది కూడా.

తడి నేల మీద కాలు ఎందుకు జారుతుందో తెలిస్తే కొనేటప్పుడు సగం పని తేలికవుతుంది. రబ్బరు మెత్తగా ఉంటే నేలలోని చిన్న చిన్న ఎత్తుపల్లాల్లోకి దిగి పట్టుకుంటుంది. మధ్యలో నీటి పొర చేరితే ఆ పట్టు పోతుంది, చెప్పు నీళ్ళ మీద తేలినట్టు జారుతుంది. ఆ నీళ్ళు పక్కకి పోవడానికి సోల్‌లో సన్నని కోతలుండాలి. దీన్ని పడవలకి తెచ్చినాయన పాల్ స్పెర్రీ అనే అమెరికన్. డెక్ మీద జారే ఇబ్బంది పడ్డ ఈయన, తన కుక్క మంచు మీద జారకుండా పరిగెత్తడం చూసి, దాని పాదాల అడుగునున్న సన్నని గీతల్లాంటివే రబ్బరు సోల్‌లో కత్తితో కోసి చూశాడు. 1935లో వచ్చిన ఆ టాప్‌సైడర్ షూసే ఇవాళ మనం బోట్ షూస్ అని పిలిచేవాటికి మూలం. మీరు బోట్ షూసే కొనక్కర్లేదు. ఏ చెప్పయినా తిప్పి అడుగు చూడండి. గోరుతో నొక్కితే కాస్త లోపలికి దిగాలి, సన్నని అడ్డగీతలు వంకర గీతలు దగ్గర దగ్గరగా ఉండాలి. లోతైన పెద్ద గాడులుండి మధ్యలో బల్లపరుపుగా గట్టి ప్లాస్టిక్ ఉండే సోల్స్ మట్టిలో బాగుంటాయి, తడి టైల్స్ మీద పనికిరావు. ఇంట్లో బాత్రూమ్‌లో నీళ్ళు పోసి, గోడ పట్టుకుని, ఆ చెప్పుతో ముందుకీ వెనక్కీ తోసి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, చాలామంది గమనించరు. జారడం రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి చెప్పుకీ నేలకీ మధ్య, రెండోది పాదానికీ చెప్పుకీ మధ్య. హవాయి చెప్పు కొత్తదై, అడుగున మంచి గీతలున్నా, తడి పాదం దాని పైభాగం మీదే జారిపోతుంది. నడుస్తున్నప్పుడు బొటనవేలు పట్టీని బిగించి పట్టుకుని ఉండాలి, ఏటవాలు గ్యాంగ్‌వే దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్ళు చెప్పు దాటి బయటికి వస్తాయి. ఇక ఊరినుంచి అమ్మ తెచ్చుకున్న పాత జత సంగతి సరేసరి. దాన్ని ఒకసారి తిప్పి చూడండి. మడమ దగ్గర బయటివైపు గీతలు పూర్తిగా అరిగిపోయి, వేలు పెడితే గాజులా నున్నగా తగులుతుంది, పట్టీ దూరే రంధ్రం వదులైపోయి ఉంటుంది. అలాంటి చెప్పు గదిలోకి, బాత్రూమ్‌లోకి సరిపోతుంది. పూల్ డెక్ మీదికి పంపకండి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చే అలవాటున్న మనకి గదిలోకి ఒక జత ఎలాగూ కావాలి, ఆ ఒక్క పనికే దాన్ని వాడండి.

ఊళ్ళ దగ్గరికి వద్దాం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

జమైకాలో ఓచో రియోస్ దగ్గర ఓడ ఆగితే ఎక్కువమంది వెళ్ళేది డన్స్ రివర్ ఫాల్స్‌కి. సుమారు 180 మీటర్ల పొడవున మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగే జలపాతం అది. కింద బీచ్ దగ్గర మొదలుపెట్టి, గైడ్ ముందుండగా అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా నీళ్ళలోనే పైకి ఎక్కుతారు. మోకాలి దాకా నీళ్ళు ఎదురు తోస్తుంటాయి, అడుగున రాయి కనపడదు, కొన్ని రాళ్ళు గరుకుగా ఉంటాయి, కొన్ని పాకుడు పట్టి ఉంటాయి. కాలు పెట్టి, బరువు వేసే ముందు పాదంతో రాయిని తడిమి చూసుకోవాలి. ఇక్కడ హవాయి చెప్పు నీళ్ళలో కొట్టుకుపోతుంది, స్పోర్ట్స్ షూస్ నీళ్ళు తాగి బరువెక్కుతాయి, వట్టి కాళ్ళయితే కోసుకుంటాయి. నీళ్ళలో వేసుకోవడానికే చేసిన వాటర్ షూస్ తప్ప వేరే దారి లేదు. అక్కడ అద్దెకీ అమ్మకానికీ దొరుకుతాయి కానీ మీ సైజు, మీకు బిగువుగా సరిపోయేది దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇంటినుంచి తెచ్చుకున్నవాళ్ళు హాయిగా ఎక్కుతారు.

మెక్సికో దీవి కోజుమెల్‌లో పరిస్థితి వేరు. ఆ ద్వీపం ఒడ్డు చాలాచోట్ల ఇసుక కాదు, సున్నపురాయి. అలలు కొట్టి కొట్టి బెజ్జాలు పడి, అంచులు బ్లేడుల్లా తేలి ఉంటాయి. అక్కడివాళ్ళు దాన్ని ఐరన్ షోర్ అంటారు. స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని నీళ్ళ కింద చూస్తూ ఈదడానికి, ఒడ్డునుంచి దిగేవాళ్ళకి మందమైన సోల్ ఉన్న వాటర్ షూస్ కావాలి. నీళ్ళలో రాళ్ళ సందుల్లో సముద్రపు ముళ్ళకాయలు, అంటే సీ అర్చిన్లు ఉంటాయి. పలచని బట్టలాంటి వాటర్ షూస్‌ని వాటి ముల్లు సులువుగా దాటేస్తుంది. షూస్ ఉన్నాయి కదా అని పగడాల మీద మాత్రం నిలబడకూడదు. అవి ప్రాణులు, మన ఒక్క అడుగుకి ఏళ్ళ తరబడి పెరిగిన భాగం విరిగిపోతుంది. కోజుమెల్ దిబ్బలు మెక్సికో ప్రభుత్వం జాతీయ పార్కుగా కాపాడుతున్నవి, అక్కడ పగడాలని ముట్టుకోవడమే నిషిద్ధం.

అదే కోజుమెల్‌లో దిగి టులుమ్‌లోని పాత మాయా శిథిలాలు చూడ్డానికి వెళ్తే కథ పూర్తిగా మారిపోతుంది. ఫెర్రీ మీద అవతలి ఒడ్డునున్న ప్లాయా దెల్ కార్మెన్, అక్కణ్ణుంచి బస్సు, తర్వాత నీడ పెద్దగా లేని చోట రాళ్ళ దారి. కోస్టా మాయా రేవు నుంచి చచ్చోబెన్ శిథిలాలకి వెళ్ళేవాళ్ళకి అడవి, చెట్ల వేర్లు, ఎత్తుపల్లాల మెట్లు. అక్కడ వాటర్ షూస్ వేసుకెళ్తే అరికాలు అరగంటలో మండిపోతుంది. అవి నీళ్ళకి చేసినవి, లోపల మెత్తదనం ఏమీ ఉండదు. ఇలాంటి రోజున ఇంట్లో రోజూ వాకింగ్‌కి వేసుకునే పాత స్పోర్ట్స్ షూసే మహారాజులు. పోర్టో రికోలో ఓల్డ్ సాన్ హువాన్ అయితే చాలా వీధుల్లో నీలం ఛాయ రాళ్ళు పరిచి ఉంటాయి. ఇనుము కరిగించాక మిగిలిన చిట్టెంతో పోసిన ఇటుకలవి, ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి నున్నబడ్డాయి. పైగా ఎల్ మొర్రో కోట దాకా అంతా ఎక్కుడూ దిగుడూ. చిన్న జల్లు పడినా జారతాయి, హీల్స్ అయితే రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి.

బెలీజ్ సిటీలో, గ్రాండ్ కేమన్‌ దీవిలో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరు వేస్తాయి. అక్కణ్ణుంచి టెండర్ అనే చిన్న పడవలో ఒడ్డుకి తీసుకెళ్తారు. ఓడలోంచి పడవలోకి అడుగు వేసేటప్పుడు రెండూ వేరువేరుగా ఊగుతుంటాయి, సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు కానీ కాలు మనదే. ఆ ఒక్క అడుగు కోసమైనా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. బెలీజ్‌లో గుహల్లోంచి ట్యూబుల మీద తేలుతూ వెళ్ళే టూర్ బుక్ చేసుకుంటే ముందు అడవిలో నడక, తర్వాత నది, రెండూ ఒకే జతతో. అందుకని గట్టి సోల్ ఉన్న వాటర్ షూస్ గానీ, వేళ్ళు కప్పి ఉండే స్పోర్ట్స్ శాండల్స్ గానీ. గ్రాండ్ కేమన్ స్టింగ్రే సిటీలో నడుము లోతు నీళ్ళలో ఇసుక మేట మీద నిలబడతారు, చుట్టూ స్టింగ్రేలనే చదునైన చేపలు తిరుగుతుంటాయి. వాటి తోకలో ముల్లుంటుంది. అక్కడ షూస్ కన్నా నడిచే తీరు ముఖ్యం. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే చేపకి అలికిడి తెలిసి తప్పుకుంటుంది, పొరపాటున దాని మీద కాలు పడదు.

రోటాన్‌లోనో ఇంకోచోటో జిప్‌లైన్, అంటే తాడుకి వేలాడుతూ జారే ఆట బుక్ చేసుకుంటే వేళ్ళు కప్పే షూస్ లేనివాళ్ళని తాడు ఎక్కనివ్వరు. డబ్బు కట్టి, బస్సెక్కి, కొండ మీదికి వెళ్ళాక శాండల్స్ చూసి పక్కన కూర్చోమన్నారంటే ఆ బాధ వేరు. ఓడలో కూడా ఇలాంటివి ఉన్నాయి. జిమ్‌లోకీ, తాళ్ళ మీద నడిచే ఆటలకీ ముందు మూసిన షూస్ కావాలి, రాక్ క్లైంబింగ్‌కీ ఐస్ స్కేటింగ్‌కీ సాక్సు తప్పనిసరి. కరీబియన్ ఎండకి సాక్సెందుకు అని ఇంట్లో వదిలేసిన కుటుంబం స్కేటింగ్ రింక్ బయట నిలబడి చూడాల్సి వస్తుంది. స్కేట్స్ వాళ్ళే ఇస్తారు, సాక్సూ కాళ్ళు కప్పే ప్యాంటూ మనవి. మనిషికి మూడు నాలుగు జతల సాక్సు పెట్టేయండి, బరువేం కాదు.

నీళ్ళకి తీసుకెళ్ళే జతలో వాటర్ షూస్, స్పోర్ట్స్ శాండల్స్, క్రాక్స్ అని మూడు రకాలు పోటీ పడతాయి. పలచని వాటర్ షూస్ నీళ్ళలో పట్టు బాగుంటుంది, ఇసుక తక్కువగా దూరుతుంది, కానీ నడకకి పనికిరావు. క్రాక్స్ మొదట పడవల మీద వాడుకోవడానికే తయారయ్యాయి. నీళ్ళు పీల్చుకోవు, కడిగితే నిమిషాల్లో ఆరిపోతాయి, వాచిన కాళ్ళకి హాయి. ఓడ మీదికీ బీచ్‌కీ మంచివే. ప్రవాహం ఉన్న నీళ్ళలో మాత్రం వదులుగా ఉండి కాల్లోంచి జారతాయి. ఒకే జత అని పట్టుబడితే నా ఓటు వేళ్ళు కప్పే స్పోర్ట్స్ శాండల్‌కే. తాళ్ళు పూర్తిగా నైలాన్‌వి అయ్యుండాలి, తోలు కలిసి ఉంటే ఉప్పునీళ్ళకి బిరుసెక్కుతుంది. నీళ్ళలోకీ, గుహలోకీ, పడవలోకీ, బజారులో తిరగడానికీ అదే నడుస్తుంది. దాని లోటు ఒకటే, వేళ్ళ దగ్గర చిన్న రాళ్ళూ ఇసుకా చేరతాయి, మధ్యలో ఆగి దులుపుకోవాలి.

కొత్త జత కొన్నారా, ట్రిప్పుకి కనీసం రెండు వారాల ముందునుంచి ఇంట్లో వేసుకుని తిరగండి. కొత్త చెప్పు కరుస్తుంది, ఇది మనకి చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఉప్పునీళ్ళలో తడిసి ఇసుక దూరిన కొత్త చెప్పు ఇంకా గట్టిగా కరుస్తుంది. చర్మం తడిగా ఉన్నప్పుడు రాపిడి పెరుగుతుంది, పైపొర ఒకవైపు లాగుతుంటే లోపలి పొర కదలదు, ఆ రెంటి మధ్య నీరు చేరి బొబ్బ లేస్తుంది. నూలు సాక్సు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. అందుకే ఎండలో నడిచే రోజుకి త్వరగా ఆరే సింథటిక్‌వో, పలచని ఉన్నివో మేలు. మడమ దగ్గర ఎర్రబడగానే, బొబ్బ రాకముందే టేప్ అంటించేస్తే ఆ రోజు గట్టెక్కుతుంది.

ఇక బీచ్. మధ్యాహ్నం ఎండలో ఎండు ఇసుక యాభై డిగ్రీలు దాటుతుంది. పగడాల పొడితో ఏర్పడ్డ తెల్ల ఇసుక కాస్త నయం, అగ్నిపర్వతాల దీవుల్లో ఉండే నల్ల ఇసుక బాగా కాలుతుంది. వసంతం, వేసవి నెలల్లో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కుప్పలుగా ఒడ్డుకి కొట్టుకొస్తుంది, దాని కింద ఏముందో కనపడదు. బీచ్ వరకూ మామూలు చెప్పులు చాలు, విడిచి దిగేటప్పుడు తిరగేసి పెట్టండి, లేకపోతే తిరిగొచ్చేసరికి పెనంలా ఉంటాయి.

సాయంత్రాల గురించి మనవాళ్ళకి అనవసరమైన టెన్షన్ ఎక్కువ. ఏడు రాత్రుల క్రూజ్‌లో మామూలుగా ఒకటో రెండో రాత్రులు మంచి బట్టలు వేసుకుని రమ్మంటారు. కార్నివాల్ వాళ్ళు దాన్ని క్రూజ్ ఎలిగెంట్ అంటారు, రాయల్ కరీబియన్ వాళ్ళు ఫార్మల్ నైట్ అంటూ వచ్చారు, నార్వీజియన్‌లో అంత పట్టింపు లేదు. మిగతా రాత్రులు శుభ్రమైన మామూలు బట్టలు చాలు. బీచ్ రబ్బరు చెప్పులతో, స్విమ్మింగ్ బట్టలతో పెద్ద డైనింగ్ హాల్‌కి రావద్దని చాలా కంపెనీలు చెప్తాయి, బఫేలో అంత పట్టించుకోరు. అంటే రెండు రాత్రుల కోసం ప్రత్యేకంగా తోలు ఫార్మల్ షూస్, హీల్స్ మోయాలా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. మగవాళ్ళకి నల్లగానో ముదురు గోధుమరంగులోనో ఉండే, లేసుల్లేని, రబ్బరు సోల్ ఉన్న లోఫర్ ఒక్కటి చాలు. అదే ఓడ లోపలి నడకకీ, కొత్త ఊరి వీధుల్లో సాయంత్రం తిరగడానికీ పనికొస్తుంది.

ఆడవాళ్ళు చీర కట్టుకునేటట్టయితే హీల్ ముందే ఖాయం చేసుకోవాలి. కుచ్చిళ్ళు హీల్ ఎత్తుకి సరిపడా దోపుతాం కదా, డిన్నర్ మధ్యలో కాళ్ళు నొప్పెట్టి చదును చెప్పుల్లోకి మారితే ఆ రెండంగుళాల చీర కాళ్ళ కింద పడుతుంది. కదిలే ఓడలో మెట్ల మీద చీర తొక్కుకోవడం మామూలు ప్రమాదం కాదు. పెన్సిల్ హీల్ అయితే బయటి డెక్ మీద చెక్కల మధ్య సందులో దిగిపోతుంది. బ్లాక్ హీల్, లేదా మొత్తం ఒకే ఎత్తులో ఉండే వెడ్జ్, అదీ చీలమండకి పట్టీ ఉన్నది మేలు. బంగారు రంగుదో, రోజ్ గోల్డ్‌దో ఒక్క జత తీసుకుంటే పట్టుచీరకీ, అనార్కలీకీ, గౌనుకీ సరిపోతుంది. జరీ చెప్పులు, మోజ్రీలు ఇష్టంగా తెచ్చుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, వాటి తోలు సోల్ పాలరాయి నేల మీద బాగా జారుతుంది.

బీరువాలో ఉన్న పాత షూస్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక చాలామంది నడిరోడ్డు మీద ఇబ్బంది పడతారు. పెళ్ళికి కొన్న ఫార్మల్ షూస్, ఎప్పుడో ట్రెక్‌కి కొన్న బూట్లు పెట్టెలో కొత్తవాటిలా మెరుస్తుంటాయి. ఒక గంట నడిచేసరికి సోల్ చీలి, రస్కు ముక్కల్లా పొడిపొడిగా రాలి, చివరికి మొత్తం ఊడి చేతికొస్తుంది. తయారీ లోపం అనుకుంటారు, సాధారణంగా కాదు. చాలా షూస్ సోల్‌లో ఉండే పాలీయూరిథేన్ గాలిలోని తేమతో నెమ్మదిగా చర్య జరుపుతుంది, దాని అణువుల గొలుసులు తెగిపోతాయి. వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. వేడి, తేమ ఉన్న చోట ఇంకా త్వరగా జరుగుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో బీరువాలో ఐదారేళ్ళుగా పడున్న షూస్‌ని నాన్నగారు అమెరికా ట్రిప్పు కోసమని బయటికి తీస్తే, సర్దే ముందు ఒకసారి చేతులతో సోల్‌ని వంచి చూడండి. పక్కల సన్నని బీటలు, వేలికి జిగురుగా తగలడం, తెల్లటి పొడి, వీటిలో ఏది కనపడినా ఆ జత తీసుకురాకండి. బాగానే ఉందనిపించినా వేసుకుని వీధి చివరిదాకా ఓసారి నడిచి రమ్మనండి.

పెద్దవాళ్ళ కాళ్ళ విషయంలో ఇంకా కొంచెం జాగ్రత్త కావాలి. ఎండకి రక్తనాళాలు వెడల్పవుతాయి, గంటల తరబడి ఫ్లైట్‌లోనో కారులోనో కూర్చోవడంతో పిక్కల కండరాలు కదలక రక్తం కిందే నిలుస్తుంది, దానికి తోడు బఫేలో ఉప్పు ఎక్కువ తినడం. సాయంత్రానికి పాదం వాచి, పొద్దున సరిపోయిన షూ బిగిసిపోతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రల వల్ల కూడా చీలమండలు వాస్తాయి. అందుకే షూస్ సాయంత్రం పూట కొనాలి, బొటనవేలి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి, వంగి లేసులు కట్టుకోలేనివాళ్ళకి వెల్క్రో పట్టీలున్నవి తీసుకోవాలి, వాపుని బట్టి వదులు చేసుకోవచ్చు. రెండు కాళ్ళూ కాకుండా ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి ఉంటే మాత్రం చెప్పుల సంగతి వదిలి వెంటనే ఓడలోని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి.

షుగర్ ఉన్నవాళ్ళయితే ఇది ఆరోగ్యం విషయం. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. తిరుమల మాడ వీధుల్లో ఎండాకాలం భక్తుల కాళ్ళు కాలకుండా చల్లదనం కోసం తెల్ల పెయింట్ వేస్తారు, పట్టాలు పరుస్తారు. ఓడ డెక్ మీదా, బీచ్‌లోనూ అలాంటి ఏర్పాటుంటుందని అనుకోవద్దు. మామూలు మనిషి కాలు పెట్టగానే అబ్బా అని వెనక్కి తీసుకుంటాడు, స్పర్శ తగ్గినవాళ్ళకి కాలినట్టు కూడా తెలియదు, రాత్రి సాక్సు విప్పాక బొబ్బ చూసి తెలుసుకుంటారు. ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి నాలుగడుగుల దూరమైనా వట్టి కాళ్ళతో నడవనివ్వొద్దు. నీళ్ళలోకి కూడా గట్టి సోల్ ఉన్న, వేళ్ళు కప్పే షూస్‌తోనే దిగాలి. కొత్త జత ఈ ట్రిప్పులో మొదలుపెట్టొద్దు. వేసుకునేముందు షూ లోపల చెయ్యి పెట్టి ఇసుక, గులకరాయి ఉన్నాయేమో చూడాలి, రాత్రి అరికాళ్ళు ఒకసారి పరీక్షించాలి. అమ్మ తనకి తాను వంగి చూసుకోలేకపోతే మీరు ఫోన్‌లో ఫోటో తీసి చూడొచ్చు.

పిల్లల సంగతి సులువు. ఒక జత వెనక పట్టీ ఉన్న క్రాక్స్, ఒక జత స్పోర్ట్స్ షూస్, అంతే. ఫోటోల కోసం మెరిసే బూట్లు కొంటే ఒక్క రాత్రి వేసుకుంటారు, వచ్చే ఏడాదికి సైజు మారిపోతుంది.

అన్నీ కలిపి చూస్తే మనిషికి తేలేది ఇది: ఎండలో నడవడానికి అలవాటైన స్పోర్ట్స్ షూస్, తడికీ బీచ్‌కీ పడవకీ వేళ్ళు కప్పే శాండల్స్ లేదా టూర్‌ని బట్టి వాటర్ షూస్, సాయంత్రానికి ఒక జత, గదిలోకి తేలికైన స్లిప్పర్లు. ఫ్లైట్‌లో వెళ్ళేవాళ్ళు అన్నిటికన్నా బరువైన జత కాళ్ళకి వేసుకుని వెళ్ళాలి. తోలు ఫార్మల్ షూస్ ఒక్క జతే సుమారు కిలో తూగుతుంది, 23 కిలోల సూట్‌కేసులో అది తక్కువేం కాదు. షూస్ లోపల సాక్సు, ఛార్జర్లు కుక్కేయొచ్చు.

ఎక్కే రోజు టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలు పోర్టర్లకి ఇచ్చేస్తారు, అవి గది దగ్గరికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. మధ్యాహ్నమే పూల్‌లో దిగాలని పిల్లలు గొడవ చేస్తారు కాబట్టి వాళ్ళ నీళ్ళ చెప్పులూ, స్విమ్మింగ్ బట్టలూ చేతి సంచిలో పెట్టుకోండి. వరసగా రెండు రోజులు నీళ్ళ టూర్లుంటే ఏసీ గదిలో షూస్ ఆరతాయా అన్నది ముందే ఆలోచించుకోవాలి. మందమైనవి ఆరవు. మంచినీళ్ళతో ఉప్పు కడిగేసి, లోపలి అట్ట బయటికి తీసి, కాగితాలు కుక్కి, గంటకోసారి మార్చితే నయం. గది గోడలు చాలా ఓడల్లో ఇనుపవే, అయస్కాంతపు కొక్కేలు అంటుకుంటాయి, పలచని వాటర్ షూస్ వాటికి తగిలించొచ్చు. బాల్కనీ రెయిలింగ్ మీద మాత్రం ఆరబెట్టకండి, గాలికి సముద్రంలో పడతాయి, చాలా ఓడల్లో ఒప్పుకోరు కూడా.

చివరి రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు, అర్ధరాత్రి లోపు సిబ్బంది తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ అవి కనపడేది పొద్దున టెర్మినల్‌లోనే. ఉత్సాహంగా అన్నీ సర్దేసి పెట్టేసి, పొద్దున లేచి చూస్తే కాళ్ళకి గది స్లిప్పర్లు తప్ప ఏమీ మిగలనివాళ్ళు ప్రతి ట్రిప్పులోనూ కనపడతారు. ఆ రాత్రి పెట్టె జిప్ వేసేముందు ఒక్కొక్కరి స్పోర్ట్స్ షూసూ సాక్సూ మంచం పక్కన పెట్టించండి. అడుగున మట్టి అంటుకుని ఉంటే అదే రాత్రి కడిగేయాలి. పొలాల్లోకో పశువుల దగ్గరికో వెళ్ళొచ్చారా అని అమెరికా కస్టమ్స్ వాళ్ళు అడుగుతారు. వెళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పాలి, షూస్ శుభ్రంగా ఉంటే అక్కడ పని త్వరగా తెములుతుంది.